రంగుల బొమ్మ చూసి సంతకం పెట్టకండి: సిమ్యులేషన్ రిపోర్టులను ఆమోదించే పెద్దలకు బహిరంగ లేఖ

డిజైన్ విభాగాల అధిపతులకు, ప్రాజెక్ట్ మేనేజర్లకు, ఎనాలిసిస్ రిపోర్టుల మీద చివరి సంతకం చేసే సీనియర్ ఇంజనీర్లందరికీ నమస్కారం.

మీరు సంతకం చేసే రిపోర్టులు తయారుచేసేవాళ్లలో నేనొకణ్ని. వస్తువును కంప్యూటర్‌లో చిన్న ముక్కల వలగా కోయడం (దీన్నే మెష్ వేయడం అంటాం), దాని మీద పడే బలాలు, అంటే లోడ్లు పెట్టడం, లెక్క చేసే ప్రోగ్రామును, అంటే సాల్వర్‌ను నడపడం, వచ్చిన స్ట్రెస్‌లనూ (పదార్థం లోపల పుట్టే బలం తీవ్రత) ఉష్ణోగ్రతలనూ ప్రవాహ వేగాలనూ బొమ్మలుగా మార్చి మీ ముందు పెట్టడం నా పని. ఏళ్ల తరబడి ఇదే చేస్తున్నాను, ఇష్టంగా చేస్తున్నాను. ఆ ఇష్టం వల్లే ఈ లేఖ రాస్తున్నాను. రివ్యూ మీటింగుల్లో మా రిపోర్టులను ఎలా చదువుతున్నారో చూస్తుంటే నాకు భయం వేస్తోంది.

అక్కడ వినబడే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "పాసైందా, లేదా?" మేం బొమ్మ చూపిస్తాం. ఎరుపు తక్కువగా ఉండి, సేఫ్టీ ఫ్యాక్టర్ (తట్టుకోగలిగినది పడే భారానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) కావలసినంత ఉంటే స్లయిడ్ మారిపోతుంది. ఆ సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చో, ఏం ఊహించుకుని లెక్క వేశామో, మెష్‌ను ఇంకా సన్నగా చేస్తే ఆ సంఖ్య ఎటు కదిలిందో ఎవరూ అడగరు. నేను మిమ్మల్ని కోరేది ఇదే. ఆ ప్రశ్న అడగండి. జవాబు లేని రిపోర్టును వెనక్కి పంపండి. జవాబు తేల్చుకోవడానికి మాకు టైమ్ ఇవ్వండి.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పాలి. ఎరుపు అంటే ప్రమాదం అని కాదు. మోడల్‌లో ఎక్కడ విలువ అన్నిటికంటే ఎక్కువగా ఉందో అక్కడ సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఎరుపు వేస్తుంది. ఆ విలువ 10 మెగాపాస్కల్ (స్ట్రెస్‌ను కొలిచే యూనిట్) అయినా ఎరుపే, 1000 అయినా ఎరుపే. స్కేల్ పైహద్దును కాస్త పెంచితే ఎర్రగా ఉన్న చోటంతా ఆకుపచ్చగా మారుతుంది. లోపలి లెక్కలో ఒక్క అంకె కూడా మారదు. ఒకే నోడ్ (మెష్ ముక్కలు కలిసే బిందువు) దగ్గర చుట్టూ ఉన్న ఎలిమెంట్లు (ఆ ముక్కలు) వేర్వేరు స్ట్రెస్‌లు చెబుతుంటే, చాలా ప్రోగ్రాములు వాటి సగటు తీసి నున్నటి రంగుల పట్టీలుగా చూపిస్తాయి. మెష్ చాలినంత సన్నగా లేదని చెప్పే తొలి గుర్తు ఆ తేడాయే. సగటులో అది కనబడకుండా పోతుంది. వంగినట్టు కనిపించే ఆకారం కూడా చాలాసార్లు అసలుకంటే వంద రెట్లో ఇంకా ఎక్కువో పెంచి చూపించినది. వీటిలో మోసమేమీ లేదు, చూడటానికి వీలుగా ఉండాలని పెట్టిన సదుపాయాలివి. కానీ బొమ్మ నునుపుగా ఉన్నంత మాత్రాన లెక్క సరిగా ఉన్నట్టు కాదు.

ఇక లెక్క సంగతి. వంపు తిరిగిన గీత పొడవును పొట్టి పుల్లలు పేర్చి కొలిచినట్టుగా, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఒక వస్తువును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో స్థానభ్రంశం ఒక సులువైన సూత్రం ప్రకారం మారుతుందని అనుకుంటుంది. ముక్కలు పెద్దవైతే ఆ అనుకోలు నిజానికి దూరంగా ఉంటుంది. ఇది అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిదేమిటంటే, ఆ తప్పు చాలాసార్లు మనకు అపాయం చేసే వైపే ఉంటుంది. నాలుగు నోడ్ల టెట్రా (నాలుగు ముఖాల) ఎలిమెంట్లతో ఒక వంగే భాగాన్ని మోడల్ చేస్తే, అది ఉండాల్సినదానికంటే బిగుసుకుని ప్రవర్తిస్తుంది. డిఫ్లెక్షన్ (వంగే దూరం) తక్కువ వస్తుంది, స్ట్రెస్ తక్కువ వస్తుంది. అదే ఆకారానికి పది నోడ్ల టెట్రాలు వాడితే జవాబు చాలా మెరుగుపడుతుంది, కాకపోతే రన్ టైమ్ పెరుగుతుంది. రిపోర్టులో ఎలిమెంట్ ఏ రకమో రాయకపోతే ఈ తేడా మీకు తెలిసే దారే లేదు.

దీనికంటే ఇబ్బందిపెట్టేది ఇంకోటి ఉంది. ఫిల్లెట్ (మూలను గుండ్రంగా చేసే వంపు) లేకుండా, కత్తితో కోసినట్టు గీసిన లోపలి మూలను తీసుకోండి. స్ట్రెస్‌కు తగిన నిష్పత్తిలోనే వస్తువు సాగుతుందనే లీనియర్ ఎలాస్టిసిటీ సిద్ధాంతం ప్రకారం అక్కడ స్ట్రెస్ అనంతం. అంటే మెష్ సన్నగా చేసేకొద్దీ సంఖ్య పెరుగుతూనే పోతుంది, ఎక్కడా నిలబడదు. మొదటి మెష్‌లో 180 వచ్చిందనుకోండి, రెండో దాంట్లో 240 వస్తుంది, మూడోసారి 330 దాటుతుంది. ఇవేవీ ఆ భాగంలో నిజంగా ఉండే స్ట్రెస్ కావు. అసలు ఫిల్లెట్‌ను మోడల్ చేయాలి, లేదా ఆ మూల దగ్గరి విలువను పక్కనపెట్టి వేరే పద్ధతిలో అంచనా వేయాలి. ఇది నిజాయితీగా చెప్పిన కుర్ర ఇంజనీరుకు మీటింగులో ఏం ఎదురవుతుందో నేను చాలాసార్లు చూశాను. "నిన్న 180 అన్నావు, ఇవాళ 240 అంటున్నావు. ముందు నువ్వు తేల్చుకునిరా" అని పంపేస్తారు. రెండు మూడు సార్లు ఇలా అయ్యాక ఆ అబ్బాయి ఒక పాఠం నేర్చుకుంటాడు. ఏ మెష్ దగ్గర జవాబు అనుమతించిన హద్దు లోపల ఉందో అక్కడే ఆగిపోవాలని, ఇంకా సన్నగా చేయకూడదని. అతను అబద్ధం రాయడం లేదు. రిపోర్టులో ఉన్న ప్రతి అంకె సాల్వర్ ఇచ్చిందే. కానీ ఆ రిపోర్టుకు విలువ లేదు. అలా రాయడం అతనికి నేర్పింది సాఫ్ట్‌వేర్ కాదు, మన రివ్యూలు.

ముతక మెష్ ఏం చేయగలదో తెలుసుకోవడానికి స్లైప్నర్-ఏ కథ చాలు. ఉత్తర సముద్రంలో నిలపాల్సిన ఆ గ్యాస్ ప్లాట్‌ఫామ్ కాంక్రీటు పునాది 1991 ఆగస్టు 23న నార్వేలోని స్టవాంగర్ దగ్గర, గాండ్స్ ఫ్యోర్డ్‌లో మునిగిపోయింది. పైన డెక్ అమర్చే ముందు నీళ్లు నింపుతూ నెమ్మదిగా కిందికి దించే పని జరుగుతోంది. పునాదిలో 24 పెద్ద కాంక్రీటు గదులు ఉన్నాయి. మూడు గదులు కలిసే చోట ఏర్పడే ముక్కోణపు ఖాళీల్లోకి బయటి నీళ్లు వస్తాయి. ఆ నీటి ఒత్తిడిని తట్టుకోవాల్సిన గోడ పగిలింది. పంపులు తోడేదానికంటే వేగంగా నీళ్లు లోపలికి చేరాయి. మొత్తం నిర్మాణం 220 మీటర్ల లోతున అడుగును తాకినప్పుడు భూకంప పరికరాలు దాన్ని 3.0 తీవ్రతగా నమోదు చేశాయి. ప్రాణనష్టం జరగలేదు కానీ ఆర్థిక నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు.

సింటెఫ్ పరిశోధన సంస్థ విచారణలో తేలింది ఇది. వాడింది నాస్ట్రాన్, అంటే నాసా కోసం పుట్టి అప్పటికే పేరున్న ప్రోగ్రాము. ప్రోగ్రాములో దోషం లేదు. ఆ ముక్కోణపు గోడల దగ్గర మెష్ ముతకగా ఉండటం, ఎలిమెంట్ల ఆకారం సరిగా లేకపోవడం వల్ల షియర్ స్ట్రెస్‌ను (పక్కపక్క పొరలను ఒకదాని మీద ఒకటి జారేలా నెట్టే స్ట్రెస్) 47 శాతం తక్కువగా అంచనా వేశారు. దాన్నిబట్టి గోడ మందం సరిపోతుందనుకున్నారు. అదే చోట స్టీలు కడ్డీల వివరాలు కూడా బలహీనంగా ఉన్నాయి. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క వేస్తే, ఆ గోడ 62 మీటర్ల లోతులో పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే సరైన జవాబు ఇచ్చే శక్తి ఆ పద్ధతికి మొదటి నుంచీ ఉంది. ఆ గోడ దగ్గర మెష్ సన్నగా చేస్తే ఏమవుతుందని ఒకరు పట్టుబట్టి అడిగి ఉంటే చాలు. లేదా ఆ గోడ మీద పడే నీటి ఒత్తిడికి షియర్ ఎంతని ఒక కాగితం మీద చేతిలెక్క వేసి ఉన్నా సరిపోయేది. గోడ మీద సమానంగా పడే ఒత్తిడికి చివర్లలో షియర్ ఎంతో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే చెబుతారు.

మెష్ ఎంత సన్నగా చేసినా తీరని తప్పులు మరికొన్ని ఉన్నాయి. అవి బౌండరీ కండిషన్లలో, అంటే వస్తువును ఎక్కడ ఎలా పట్టి ఉంచామో మోడల్‌కు చెప్పే చోట ఉంటాయి. బోల్టు బిగించిన చోటును "ఫిక్స్‌డ్" అని ఒక్క క్లిక్కుతో పెట్టేస్తాం. నిజానికి ఆ బోల్టు కింద ఉన్న ప్లేటు కూడా వంగుతుంది, జాయింటు కాస్త జారుతుంది. అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్ సివిక్ సెంటర్ పైకప్పు 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు కూలింది. కొద్ది గంటల ముందే ఆ కప్పు కింద దాదాపు 5 వేల మంది బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్లారు. ఆ స్పేస్ ఫ్రేమ్‌ను (కడ్డీలు అల్లిన కప్పు చట్రం) అప్పట్లో కంప్యూటర్ విశ్లేషణతోనే డిజైన్ చేశారు. పై వరుస కడ్డీలను మధ్యలో పక్కలకు కదలకుండా పట్టి ఉంచే ఆధారం ఉందని మోడల్ అనుకుంది. కట్టిన నిర్మాణంలో చాలా కడ్డీలకు ఆ ఆధారం సరిగా లేదు. దాంతో లెక్కలో ఉన్నదానికంటే చాలా తక్కువ లోడుకే అవి బక్లింగ్‌కు గురయ్యాయి, అంటే నొక్కుడుకు పక్కకు వంగిపోయాయి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ కథలోని ఇంకో భాగం. కడుతున్నప్పుడే కప్పు వంపును కొలిచారు. లెక్క చెప్పినదానికి సుమారు రెండింతలు ఉంది. ఆ సంగతి డిజైన్ చేసినవాళ్లకు చెప్పారు కూడా. సిద్ధాంతానికీ నిజానికీ అంత తేడా మామూలేనని తీసిపారేశారు. కొలత చేతిలో ఉండి కూడా మోడల్‌నే నమ్మారు. మీ దగ్గరకు టెస్ట్ రిపోర్టు ఒకటి, సిమ్యులేషన్ రిపోర్టు ఒకటి వచ్చి రెండూ కలవనప్పుడు, దయచేసి సిమ్యులేషన్‌ను నిలదీయడంతో మొదలుపెట్టండి. స్ట్రెయిన్ గేజ్ (సాగుదలను కొలిచే చిన్న పరికరం) తప్పుగా అతికించి ఉండొచ్చు, అది కూడా జరుగుతుంది. కానీ "టెస్టులో ఏదో తేడా వచ్చి ఉంటుంది" అన్న మాటతో మీటింగు ముగియకూడదు.

మోడల్‌లో అసలు లేని భౌతికశాస్త్రం గురించి ఏ మెష్ కూడా చెప్పలేదు. లండన్ మిలీనియం బ్రిడ్జి 2000 జూన్ 10న తెరిచిన రోజే పక్కలకు ఊగింది, రెండు రోజులకే మూసేశారు. జనం నడిచే బరువు లెక్కలో ఉంది. వంతెన కాస్త ఊగగానే జనం తెలియకుండానే ఆ ఊపుకు అడుగు కలపడం, దాంతో ఊపు ఇంకా పెరగడం మాత్రం లెక్కలో లేదు. 37 విస్కస్ డ్యాంపర్లు, 50కి పైగా ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లు (రెండూ ఊపును అణచే పరికరాలే) అమర్చి 2002 ఫిబ్రవరిలో మళ్లీ తెరిచారు. అందుకే రిపోర్టులో "ఏం లెక్కలోకి తీసుకోలేదు" అన్న పేరా ఉండాలని నేను పట్టుబడతాను. ఆ పేరా రాయడానికి మాకు ధైర్యం కావాలి. రాసినందుకు మీటింగులో చీవాట్లు పడకపోతే ఆ ధైర్యం దానంతటదే వస్తుంది.

ప్రవాహాల విషయంలోనూ ఇంతే. రెసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడా) కిందికి దిగాయంటే సాల్వర్ తనకిచ్చిన సమీకరణాలను తీర్చిందని మాత్రమే అర్థం. ఆ సమీకరణాలు సరైనవో కావో అది చెప్పదు. సుడులు తిరిగే ప్రవాహానికి వాడే స్టాండర్డ్ కె-ఎప్సిలాన్ మోడల్, ఒత్తిడి ఎదురు తిరిగే చోట ప్రవాహం గోడను వదిలిపెట్టడాన్ని ఆలస్యంగా చూపిస్తుందని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. అయినా అది డిఫాల్ట్‌గా ఉందని వాడేసిన రిపోర్టులు ఎన్నో వస్తుంటాయి.

"ఇవన్నీ చేస్తూ కూర్చుంటే డెడ్‌లైన్ ఏమవుతుంది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొన్ని పరీక్షలకు నిమిషాలు చాలు. పెట్టిన లోడ్ల మొత్తం, ఆధారాల దగ్గర వచ్చిన రియాక్షన్ల (ఎదురు బలాల) మొత్తం సమానంగా ఉన్నాయా అని చూడటానికి ఎంతసేపు పడుతుంది? వస్తువు సొంత బరువు మాత్రమే పెట్టి ఒకసారి రన్ చేసి, రియాక్షన్‌ను డ్రాయింగ్‌లోని బరువుతో పోల్చితే యూనిట్ల తప్పులు అక్కడే బయటపడతాయి. మిల్లీమీటర్, టన్ను, సెకను పద్ధతిలో స్టీలు సాంద్రత 7.85×10⁻⁹ అని ఇవ్వాలి. అలవాటుకొద్దీ 7850 అని కొట్టినవాళ్లు ఈ ఒక్క పరీక్షతో దొరికిపోతారు. గుండ్రటి రంధ్రం ఉన్న వెడల్పాటి ప్లేటును లాగితే రంధ్రం అంచున స్ట్రెస్ మూడు రెట్లు అవుతుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే తేల్చాడు. కొత్తగా చేరిన ఇంజనీరుకు అసలు ప్రాజెక్టు ఇచ్చేముందు ఈ ప్లేటు ఇవ్వండి. తర్వాత సిమ్యులేషన్ ఇంజనీర్ల సంస్థ నాఫెమ్స్ బెంచ్‌మార్కుల్లోని (జవాబు ముందే తెలిసిన పరీక్ష లెక్కలు) ఎల్‌ఈ1 ఇవ్వండి, అందులో రావాల్సిన జవాబు 92.7 మెగాపాస్కల్. ఎలాంటి మెష్‌తో ఆ సంఖ్యకు చేరుకున్నాడో అడగండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ కంటే ఆ సాయంత్రం అతను నేర్చుకునేది ఎక్కువ.

టైమ్ పట్టేది మెష్ కన్వర్జెన్స్ పరీక్షకు, అంటే మెష్ సన్నగా చేసేకొద్దీ సంఖ్య ఒకచోట నిలబడుతుందా అని చూడటానికి. కనీసం మూడు మెష్‌లు, ఒకదానికంటే ఒకటి సన్నగా వేయాలి. పెద్ద మోడల్‌కు ఇది రోజుల పని. అందుకే అన్నిటికీ ఒకేలా చేయమని నేను అనను. ఒక సెన్సార్‌ను పట్టి ఉంచే చిన్న బ్రాకెట్ విరిగితే మరొకటి బిగిస్తాం, దానికి చేతిలెక్కా ఒక రన్నూ చాలు. ఒత్తిడితో నిండిన పాత్ర, మనుషులు ఎక్కే లిఫ్టు, కింద జనం ఉండే కప్పు వేరు. ఏది ఏ తరగతిలోకి వస్తుందో ప్రాజెక్టు మొదట్లో మీరు రాసి పెడితే, మేం దానికి తగ్గట్టు రోజులు అడుగుతాం. షెడ్యూలులో "ఎనాలిసిస్" అని ఒక్క గీత గీసి, దాని చివరి రోజున డిజైన్ మార్పులు పంపి, సాయంత్రానికి రిజల్ట్ అడిగితే మాత్రం మూడు మెష్‌లు కుదరవు. ఆ టెన్షన్‌లో ముందుగా వదిలేసేది ఈ పరీక్షలనే, ఎందుకంటే అవి లేవని గమనించేవాళ్లు లేరు.

సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లు అడిగితే పద్ధతి మారుతుందనడానికి సాక్ష్యం ఉంది. 1986లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రచురించే జర్నల్ ఆఫ్ ఫ్లూయిడ్స్ ఇంజనీరింగ్, సంఖ్యాత్మక తప్పు ఎంతో అంచనా వేయని పత్రాలను ఇకపై వేసుకోబోమని ప్రకటించింది. రాసేవాళ్లు అలవాటు చేసుకున్నారు. అదే సంఘం 2006లో ఘన పదార్థాల విశ్లేషణకు, 2009లో ప్రవాహాలకు, ఉష్ణ ప్రసరణకు వెరిఫికేషన్ (లెక్క సరిగా వేశామా), వాలిడేషన్ (లెక్క నిజంతో కలుస్తుందా) ప్రమాణాలు తెచ్చింది. అంతకంటే చాలా ముందు, 1910లో ఇంగ్లీషు శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఒక రాతి ఆనకట్టలో స్ట్రెస్‌లను సంఖ్యాత్మకంగా లెక్కగట్టి పత్రం రాశాడు. కంప్యూటర్లు లేని కాలం, ప్రతి అంకె మనుషులు కాగితం మీద వేసిందే. అయినా గడుల సైజు మార్చి లెక్క వేసి, రెండు జవాబులను పోల్చి అసలు జవాబు ఎక్కడ ఉంటుందో అంచనా కట్టే పద్ధతిని ఆ పత్రంలోనే చూపించాడు. ఇవాళ మెష్ సైజు అన్న పెట్టెలో ఒక అంకె మార్చి, రాత్రికి రన్ పెట్టి ఇంటికి వెళ్లగలిగిన మనం దాన్ని భారమనడం నాకు మింగుడుపడటం లేదు.

లైసెన్సులు చాలడం లేదన్నది ఇంకో మాట. రెండో రన్‌కు కాలిక్యులిక్స్, కోడ్ ఆస్టర్, ఓపెన్‌ఫోమ్ లాంటి ఉచిత సాల్వర్లు ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. అయితే ఒకే తప్పు బౌండరీ కండిషన్‌ను రెండు సాల్వర్లకూ ఇస్తే రెండూ ఒకే తప్పు జవాబు ఇస్తాయి. సాల్వర్ మార్చి చూసుకోవడం టెస్టుకు ప్రత్యామ్నాయం కాదు. పాత సిమ్యులేషన్ల మీద శిక్షణ పొంది సెకన్లలో జవాబు చెప్పే కొత్త ఏఐ సాధనాల గురించి కూడా ఇదే నా మాట. వాటికి నేర్పడానికి ఇచ్చిన రన్‌ల మెష్ ముతకగా ఉంటే, అవి ఆ తప్పునే అతి వేగంగా నేర్చుకుంటాయి. శిక్షణకు ఏ రన్‌లు వాడారో, వాటిని ఎవరు తనిఖీ చేశారో కొనేముందు అడగండి.

సిమ్యులేషన్ వచ్చిందని టెస్టుల బడ్జెట్ కోసేయకండి. టెస్టుల సంఖ్య తగ్గించవచ్చు, ఎక్కడ గేజ్ అతికించాలో సిమ్యులేషన్‌తో ముందే తెలుసుకోవచ్చు. కానీ ఒక్క కొలత కూడా లేకపోతే మా మోడల్ నిజానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఆధారం మాకు లేదు, మీకూ లేదు.

అందుకని ప్రతి రిపోర్టు మొదట్లో ఒక పేజీ తప్పనిసరి చేయండి. ఏ ప్రశ్నకు జవాబు వెతికాం, ఏ ఎలిమెంటు వాడాం, కీలకమైన చోట మూడు మెష్‌ల్లో వచ్చిన మూడు సంఖ్యలు, రియాక్షన్ల మొత్తం, చేతిలెక్కతో వచ్చిన జవాబు, ప్రతి ఆధారాన్నీ ఎందుకు అలా పెట్టాం, లెక్కలోకి ఏం తీసుకోలేదు, ఏ టెస్టుతో పోల్చాం లేదా ఎందుకు పోల్చలేదు. ఇవన్నీ ఒక పేజీలో పడతాయి. బొమ్మలు ఆ తర్వాత రావాలి. మెష్ మార్చినప్పుడు సంఖ్య మారిందని ఎవరైనా చెబితే, ఆ మనిషిని కూర్చోబెట్టి ఎందుకు మారిందో పూర్తిగా వినండి. ఆ గదిలో మిగతా కుర్రాళ్లు మీ ముఖం వైపే చూస్తుంటారు.

నేను తయారుచేసే రిపోర్టుల్లో ఆ పేజీ ఇప్పటికే పెడుతున్నాను. వచ్చే రివ్యూలో అక్కడి నుంచే మొదలుపెట్టండి. మూడు సంఖ్యల మధ్య తేడా మీకు ఎక్కువ అనిపిస్తే సంతకం ఆపండి, మరో మెష్‌కు ఎన్ని రోజులు కావాలో నన్ను అడగండి.

ఇట్లు,
మీ డిజైన్లకు లెక్కలు వేసే ఒక ఎనాలిసిస్ ఇంజనీరు